మా నాన్నకు రాని జనరల్ షిఫ్టు

కక్షలు మరిచిపోతే ఆరోగ్యం బాగుంటుందని మా వీధిలో రిటైరయిన పెద్దలంతా చెబుతుంటారు. నా ఆరోగ్యం బాగానే ఉంది. కక్షలూ బాగానే ఉన్నాయి. వాటిలో పెద్దది మా తెలుగు సంఘం ప్రెసిడెంటు మీద పెట్టుకున్నది. తొంభైల్లో మొదలై తొంభైల్లోనే తీరిపోయింది గానీ, తీరాక కూడా దాన్ని అప్పుడప్పుడు బయటికి తీసి చూసుకుంటూ ఉంటాను. ఇత్తడి చెంబు లాంటిది, వాడకపోయినా తోముతూ ఉండాలి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో భిలాయి వచ్చి, స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్ల దగ్గర పనికి కుదిరాడు. మనిషి ఆరడుగుల పైనే. ముక్కు ఆయన కన్నా ముందు గడప దాటేది. పొద్దుటి ఎ షిఫ్టు, మధ్యాహ్నం బి షిఫ్టు, రాత్రి సి షిఫ్టు, ఈ మూడింటి మధ్య తిరుగుతూనే ఆయన జుట్టు నెరిసింది. ఇవి కాక జనరల్ షిఫ్టు అని ఇంకొకటి ఉండేది. అది ఆఫీసర్లది, ఆఫీసు గుమాస్తాలది. పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్లడం, సాయంత్రానికి ఇల్లు చేరడం, ఆదివారం సెలవు. మా రుఆబాంధా క్వార్టర్లలో జనరల్ అన్న మాటకు ఇదొక్కటే అర్థం. ఫలానా వాడికి జనరల్ వచ్చిందంటే వాడికి అదృష్టం పట్టిందని. ఈ మాటే మా కొంప ముంచింది, అందుకే ముందుగా చెబుతున్నాను.

నాన్న సంఘానికి సెక్రటరీగా ఉండేవాడు. ఎవరూ ఆ పని చేయడానికి ముందుకు రాని రోజుల్లో ఆయన భుజాన వేసుకున్నాడు. ఉగాది వస్తోందంటే షిఫ్టు దిగి, స్నానం చేసి, సైకిలెక్కేవాడు. వెనక నేను, నా చేతిలో కుంకుమ భరిణె. సెక్టారు సెక్టారూ తిరిగి ప్రతి ఇంటి గడప దగ్గరా నిలబడి ఆయన నోటితో పిలిచేవాడు, నేను లోపలికెళ్లి ఆడవాళ్లకు బొట్టు పెట్టేదాన్ని. మా ఉత్తరాంధ్ర వాళ్లకు పిలుపంటే అదే. కార్డు మీద అచ్చువేసి పంపితే అది కబురు, పిలుపు కాదు. కబురందుకుని బయలుదేరితే పిలవని పేరంటానికి వెళ్లినట్టే.

సంఘం హాలు కూడా వాళ్లే కట్టుకున్నారు. షిఫ్టు దిగిన వాళ్లు దిగినట్టే వచ్చి ఇటుకలు మోశారు. హాలు సగం లేచేసరికి, ఆఫీసరు ఉంటే మిగతా పనులు తొందరగా అవుతాయని, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక ఇంజనీరును ప్రెసిడెంటుగా పెట్టుకున్నారు. ఆయన మా నాన్న పనిచేసే డిపార్ట్‌మెంటుకే పెద్ద. ఆయన బంగళా గడప దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి సంఘంలోకి పిలిచింది మా నాన్నే. దీన్ని నేను క్షమించలేదు, కానీ నాన్నను ఏమీ అనలేక ఆ భాగం కూడా ప్రెసిడెంటు ఖాతాలోనే వేశాను.

హాలు తెరిచే రోజు ముందు ఒక ఆదివారం అనుకున్నారు. ఆ రోజు నాన్నకు సెలవు. తరవాత ఎవరో పెద్ద అతిథికి వీలుకాదని ప్రెసిడెంటు రోజు మార్చాడు. మారిన సంగతి హాలు గోడకు అంటించారట. నాన్నకు నోటితో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఆయన ఎ షిఫ్టులో ఉన్నాడు. అమ్మకూ నాకూ పొద్దున పక్కింటివాళ్ల ద్వారా తెలిసి, ఆయన ఎలాగూ వస్తాడు కదా అని వెళ్లి కూర్చున్నాం. షిఫ్టు దిగాక గేటు దగ్గర ఎవరో చెబితే నాన్న అటునుంచటే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. బొగ్గు మసి బట్టలు, తల మీద హెల్మెట్టు. రిబ్బను కత్తిరించడం అయిపోయింది, ఉపన్యాసాలు జరుగుతున్నాయి. నాన్న నడవలో నాలుగడుగులు ముందుకు వేశాడో లేదో, మైకు దగ్గరున్న ప్రెసిడెంటు చూసి చిరునవ్వుతో, "షిఫ్టు మిత్రులు దయచేసి వెనక కూర్చోండి. ముందు వరసలు అతిథులకు" అన్నాడు.

నాన్న వెనక కూర్చోలేదు. కాసేపు స్తంభం పక్కన నిలబడి ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు బంగళాకు వెళ్లి, సెక్రటరీ పని మానేస్తున్నానని చెప్పాడు. ఆ పెద్దమనిషి పేపరు మీద నుంచి తల ఎత్తి, "అలాగే" అన్నాడట. ఎందుకని అడగలేదు. నాన్న ఆ "అలాగే"ను ఇంటికొచ్చి మూడు రకాలుగా పలికి చూపించాడు, ఏ రకంగా పలికినా బాగాలేదు.

అప్పుడు నేను దుర్గ్‌లో కాలేజీ చదువుతున్నాను. ప్రపంచ నాయకుల మీద ఒక హిందీ పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చి మంచం మీద పడేస్తే నాన్న తీశాడు. అందులో ఒక ఫ్రెంచి జనరల్ గురించి ఒక అధ్యాయం ఉంది. యుద్ధంలో దేశం లొంగిపోతే తాను లొంగనని సముద్రం దాటి పోయి, పరాయి దేశంలో రేడియో ముందు కూర్చుని దేశమంటే ఇంకా మిగిలే ఉందని చెప్పినవాడు. నాన్న మొదట చూసింది బొమ్మ. మనిషి తాటిచెట్టంత ఎత్తు, దానికి తగ్గ ముక్కు. అద్దం చూసుకున్నట్టు చాలాసేపు చూశాడు.

"ఏటమ్మా ఇది? మిత్రదేశాలోలు సైన్యాన్ని దించే రోజు ఈయనకి సెప్పనేదా?"

"ఆఖరి నిమిషంలో చెప్పారు నాన్నా."

"దించింది ఈయన దేశంలోనే కదా?"

"ఈయన దేశంలోనే."

పుస్తకం గుండెల మీద పెట్టుకుని ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాడు. తరవాత కూడా అదే అధ్యాయం చదివాడు. యుద్ధం గెలిచి, దేశానికి పెద్దయి, పార్టీల వాళ్లతో పొసగక ఆ జనరల్ రాజీనామా ఇచ్చేశాడు. వారం తిరక్కుండా తననే పిలుస్తారనుకున్నాడట. పిలవలేదు. ఊళ్లో తన ఇంట్లో పన్నెండేళ్లు కూర్చున్నాడు. దేశం నిప్పుల మీదికి వచ్చాక అప్పుడు పిలిచారు. నాన్నకు ఈ కథ పట్టేసింది.

ఆ వారంలోనే గేటు బయట టీ బడ్డీ దగ్గర సంఘం మనిషొకడు తగిలాడు. రైల్ మిల్లులో పనిచేసేవాడు, ఇటుకలు మోసినవాడు. "ఏటి, సంగం ఒగ్గేసినావట? ఇకనేటి సేస్తావు?" అన్నాడు. నాన్న తన గొప్ప చమత్కారం బయటపెట్టాడు. "ఇకనించి నేను జనరల్. పిలిస్తేనే వస్తాను" అన్నాడు. ఆ ముక్కు, ఆ ఎత్తు, ఆ రాజీనామా, అన్నీ కలిపి అన్న మాట. పుస్తకం చదివింది ఆయనొక్కడే అన్న సంగతి మరిచిపోయాడు.

రైల్ మిల్లు ఆయనకు వినిపించింది జనరల్ అన్న మాట ఒక్కటే. సాయంత్రానికి సెక్టార్లన్నీ తిరిగింది. ప్రెసిడెంటు మా నాన్నకు జనరల్ షిఫ్టు ఇచ్చి సెక్రటరీ పని మాన్పించాడని, మా నాన్న మనవాళ్లను ఆఫీసర్లకు అమ్మేశాడని. ఊరికే ఒగ్గేస్తాడేటి, నిప్పు లేందే పొగొస్తాదా అన్నారు. మధ్యాహ్నం బి షిఫ్టుకు నాన్న సైకిలు మీద పోతూ కనిపిస్తే ఓవర్‌టైముకి పోతున్నాడన్నారు. నమ్మాలనుకున్నవాడికి కళ్లు కూడా సాయం చేస్తాయి. నాన్న గ్యాంగులో ఉన్నవాళ్లంతా ఛత్తీస్‌గఢీలు, బిహారీలు. వాళ్లకు మా సంఘంతో పని లేదు, మావాళ్లకు వాళ్లను అడగాలని తోచలేదు.

ఇదంతా ఒక్కడి ఒక్క మాటతో పోయేది. డిపార్ట్‌మెంటు పెద్ద, ఎవరికి ఏ షిఫ్టు వేశారో సంతకం పెట్టేవాడు, సంఘం ప్రెసిడెంటు. అన్నీ ఆయనే. ఒక పెళ్లిలో నేను పంక్తిలో కూర్చుని ఉండగా, నా వెనకాలే ఒకాయన ప్రెసిడెంటును అడిగాడు, ఆయనకి జనరల్ ఇచ్చారట నిజమేనా అని. ప్రెసిడెంటు చేతిగుడ్డతో మూతి తుడుచుకుని, "అవన్నీ డిపార్ట్‌మెంటు విషయాలండీ. నేను చెప్పకూడదు" అన్నాడు. అని నవ్వాడు. కాదని అనడానికి ఎంతసేపు పడుతుంది? అవునని అనకుండానే అవుననిపించడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాను. ఆకులో బూరె అలాగే వదిలేసి లేచాను. నేను బూరె వదిలేశానంటే సంగతి ఎంతదాకా వచ్చిందో మా ఇంట్లో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

"నువ్వే ఎల్లి సెప్పీయొచ్చు కదా, నాకే జనరలూ రానేదని" అంది అమ్మ.

"నేనెల్లి సెప్తే సంజాయిషీ అవుతాది. ఆలొచ్చి అడిగితే సమాధానం అవుతాది" అన్నాడు నాన్న.

ఎవరూ వచ్చి అడగలేదు. ప్రెసిడెంటు నోటి పిలుపులు ఎత్తేసి, అచ్చు కార్డులు పోస్టులో పంపడం మొదలుపెట్టాడు. మాకు కార్డు కూడా రాలేదు. ప్రతి ఉగాదికీ నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటి ముందు ప్లాస్టిక్ వైర్ల కుర్చీలో రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడు. షిఫ్టు టైము అయితే చొక్కా విప్పి, పనిబట్టలు వేసుకుని పోయేవాడు. ఆ చొక్కాను చిలక్కొయ్యకు తగిలించేటప్పుడు అమ్మ ముఖం నేను చూడలేకపోయేదాన్ని. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఏళ్ల తరబడి వచ్చింది.

జనరల్ గురించి దొరికినదల్లా చదివాను. నాకు కావలసింది యుద్ధం కాదు, ఆయన పగ ఎలా తీర్చుకున్నాడన్నది. దొరికింది కూడా. యుద్ధకాలంలో ఆయనకు నీడనిచ్చి, నీడనిస్తూనే చిన్నచూపు చూసిన సముద్రం అవతలి దేశం, చాలా ఏళ్లకు ఇరుగుపొరుగు దేశాల వ్యాపార కూటమిలో చేర్చుకోమని వచ్చింది. అప్పటికి ఈయన దేశాధ్యక్షుడు. వద్దన్నాడు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చారు. మళ్లీ వద్దన్నాడు. పరుగెత్తుకొచ్చి నాన్నకు చెప్పాను.

"నీడిచ్చినోల్లకి అలగ సెయ్యకూడదు" అన్నాడు నాన్న.

"నీడిచ్చి నిలబెట్టే కదా అవమానించారు."

"అయితే ఓపాలి సరే. రెండోపాలి ఎందుకు?"

"మొదటిసారి వినపడి ఉండదు నాన్నా" అన్నాను. అమ్మ వంటింట్లోంచి ఫక్కున నవ్వింది.

ఇలా ఉండగా సంఘం ఎండిపోవడం మొదలైంది. నోటితో పిలిచేవాడు లేక షిఫ్టుల వాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఉగాదికి ముందు రెండు వరసల్లో ఆఫీసర్ల కుటుంబాలు, వెనకంతా ఖాళీ కుర్చీలు. కవి సమ్మేళనం పెడితే కవులే వినేవాళ్లు. నాన్నకు రిటైర్మెంటు దగ్గర పడిన ఏడాది, ప్రెసిడెంటు ఎవరో చాలా పెద్ద అతిథిని ఉగాదికి ఒప్పించాడు. ఆ ఖాళీ కుర్చీలు ఆయనకు చూపించాలంటే ప్రాణం మీదికి వచ్చింది.

ముందు మా పక్కింటికి ఫోను చేయించాడు. "ఫోన్లో పిలుపేటి? కబురందిందని సెప్పు" అన్నాడు నాన్న. తరవాత కార్డు వచ్చింది, ఇన్నేళ్లకు మొదటి కార్డు. అమ్మ దాన్ని పప్పు డబ్బా కింద ఒత్తుగా పెట్టింది. ఆఖరికి ఆయనే కారు మా వీధి మొగలో ఆపుకుని నడిచి వచ్చాడు. ఊరక రారు మహానుభావులు. నాన్న లేచి కుర్చీ ఇచ్చాడు. నేనైతే ఇచ్చి ఉండేదాన్ని కాదు.

"మీరు పిలిస్తే అందరూ వస్తారండీ. ఈసారి మీరు పూనుకోవాలి" అన్నాడు ప్రెసిడెంటు.

"నేను కాదు బాబూ. మీరు పిలవాలి. గడపగడపకీ ఎల్లి, నోటితో."

"నేనా?"

"నడిసి" అన్నాడు నాన్న.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పటికి స్కూల్లో పాఠాలు చెబుతున్నదాన్ని, గొంతు బాగా సాగింది. "ఇళ్లు నేను చూపిస్తాను సార్. కానీ ప్రతి గడప దగ్గరా పిలిచే ముందు ఒక మాట చెప్పాలి" అన్నాను.

"ఏం మాటమ్మా?"

"మా నాన్నకు జనరల్ షిఫ్టు ఎన్నడూ ఇవ్వలేదని."

నాన్న నా వైపు చూశాడు. వద్దనలేదు. ప్రెసిడెంటు తన బూట్ల వైపు చూసుకున్నాడు. "అది ఎప్పటి మాటో కదమ్మా" అన్నాడు.

"మాకు రోజూ వినే మాటే సార్" అన్నాను.

ఒప్పుకున్నాడు. అతిథి అవసరం అలాంటిది.

ఆ ఆదివారం ఎండ బాగా కాసింది. ఆయన ముందు, నేను వెనక, నా చేతిలో పాత కుంకుమ భరిణె. మొదటి గడప దగ్గర ఆయన, "ఆ జనరల్ షిఫ్టు సంగతి... అలాంటిదేం లేదు లెండి" అని నమిలాడు. "పూర్తి వాక్యం సార్" అన్నాను, ఆరో తరగతి పిల్లలతో అన్నట్టే. పూర్తి వాక్యం చెప్పాడు. రెండో వీధిలో ఒక పెద్దాయన, కొలుముల దగ్గర చెవులు పోగొట్టుకున్నవాడు, "ఏటీ? గట్టిగా సెప్పండి బాబూ" అన్నాడు. గట్టిగా చెప్పాడు. "ఎవులికి ఇవ్వనేదు?" అన్నాడు పెద్దాయన. ఈసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. అటూ ఇటూ ఇళ్లవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు. నేను లోపల ఆడవాళ్లకు బొట్లు పెడుతున్నాను, ఒక్కొక్కరికి తీరిగ్గా, గుండ్రంగా, తొందరేం లేదు. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నాకు కాస్త జాలి వేస్తుందేమోనని చూసుకున్నాను. వేయలేదు.

రైల్ మిల్లు ఆయన మాట విని గడప మీదే కూలబడ్డాడు. "అలగైతే నాతోటి నోరారా జనరలన్నాడు కదా. ఆ జనరలేటి?" అని నన్నడిగాడు. ఫ్రెంచి జనరల్ కథ మొత్తం అక్కడే చెప్పాను, రేడియో, రాజీనామా, పన్నెండేళ్లు, అన్నీ. ఎండలో ప్రెసిడెంటు నిలబడే విన్నాడు. రైల్ మిల్లు ఆయన, "ఇన్నేల్లూ ఆ మనిసితో మాటాడనేదమ్మా నేను" అన్నాడు. కళ్లు తుడుచుకుని, మళ్లీ అనుమానం వచ్చి, "ఇంతకీ ఆ జనరల్ ఏ షిఫ్టు?" అన్నాడు.

ఆఖరి గడప మాదే. మా అమ్మకు బొట్టు పెట్టడానికి ప్రెసిడెంటు తన భార్యను కూడా తీసుకొచ్చాడు. ఆమె తప్పేమీ లేదు గనక ఆమెకు కాఫీ ఇచ్చాం. ఆయనకు మంచినీళ్లు. ఆయన నాన్నను పిలిచాడు, చేతులు జోడించే పిలిచాడు. పిలిచాక, మనసులో ఏమనుకున్నాడో, "మీకు రిటైర్మెంటు ఎంతో దూరం లేదు. రేపటి నుంచి మిమ్మల్ని జనరల్ షిఫ్టులో వేయిస్తాను. ఉగాది సాయంత్రం రావడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు.

నాన్న నవ్వాడు. ఆ నవ్వు నేను చూసి ఏళ్లయింది. "వద్దు బాబూ" అన్నాడు.

"మొహమాటపడకండి."

"వద్దు. ఇప్పుడు నేను తీసుకుంతే ఆ అబద్దం నిజమైపోతాది. మీరు గడపగడపకీ సెప్పింది అబద్దమైపోతాది."

రెండుసార్లు అన్నాడు వద్దని. నేను అమ్మ వైపు చూశాను, అమ్మ నా వైపు చూసింది.

ఉగాది రోజు నాన్నకు బి షిఫ్టు. గ్యాంగులో ఒకాయన పొద్దున్నే ఇంటికొచ్చి, "దాదా, ఆజ్ మై కర్ దూంగా, తుమ్ ప్రోగ్రామ్ మే జావ్" అని, నాన్న బదులు ఆ రోజు షిఫ్టు తాను చేస్తానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. ఆయన వెళ్లాక నాకు ఒళ్లు మండింది. మొదటి వరసలో కూర్చోబెట్టి చూడాలని ఎన్నేళ్లు కాచుకున్నాను. "మరి ఇన్నాళ్లూ ఆ కుర్చీలో కూర్చుంది దేనికి?" అన్నాను.

"పిలుపు కోసరం. వొచ్చింది కదమ్మా" అన్నాడు. టిఫిను డబ్బా హ్యాండిలుకు తగిలించుకుని, హెల్మెట్టు పెట్టుకుని వెళ్లిపోయాడు. పిలిచాక ఇంటి మనిషి వెళ్లకపోతే తప్పు కాబట్టి అమ్మా నేనూ బయలుదేరాం.

హాలు కిటకిటలాడింది. వెనక గోడ దాకా మనుషులు, కిటికీల్లో మనుషులు. వేదిక మీద అతిథి ఆశ్చర్యపోయి చూస్తున్నాడు, ప్రెసిడెంటు వెలిగిపోతున్నాడు. మమ్మల్ని మొదటి వరసలో కూర్చోబెట్టారు, మా ఇద్దరి మధ్య నాన్న కుర్చీ. పంచాంగం చదవబోతుండగా వెనక నుంచి రైల్ మిల్లు ఆయన లేచాడు.

"మా సెకట్రీ ఏడండి?"

ఆ మాట పట్టుకుని హాలంతా గొణుగుడు మొదలైంది. అతిథి ప్రెసిడెంటు వైపు వంగి ఏదో అడిగాడు. ప్రెసిడెంటు మైకు దగ్గరికి వచ్చాడు, ఏళ్ల కిందట నిలబడిన చోటికే. ఖాళీ కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. గొంతు సవరించుకుని చిన్నగా, "ఆయన... బి షిఫ్టులో ఉన్నారు" అన్నాడు.

అప్పుడు మా అమ్మ లేచి నిలబడింది. ఆ హాల్లో ఆమె ఎన్నడూ నోరు విప్పి ఎరగదు. చెంగు భుజాల నిండా కప్పుకుని, వేదిక వైపు చూస్తూ నెమ్మదిగా అంది:

"మరొక్కపాలి సెప్పండి బాబూ. ఎనకోలకి ఇనపడనేదు."